మంచం కింది మట్టి

నా రిటైర్మెంటు ఇంకా పధ్నాలుగు నెలలుందనగా, మార్చి మొదటి వారంలో నాకు ఒక స్థల పరిశీలన అప్పగించారు. అప్పుడు ఖమ్మంలో ఒక ప్రయోగశాలలో సీనియర్ సైంటిస్టుగా ఉన్నాను. కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఒక తండా ఉంది. దాని పక్కన నాలుగెకరాల్లో సర్కారు బాలికల హాస్టల్ కట్టాలనుకుంది. ఆ నేలలోనూ నీళ్లలోనూ పిల్లలకు హాని చేసేది ఏమీ లేదని కాగితం మీద రాసివ్వడం నా పని. రాసిస్తే పునాది తీస్తారు, లేదంటే హాస్టల్ ఇంకో మండలానికి పోతుంది.

స్థలం లచ్చీరాంది. డెబ్బై దాటిన రైతు. హాస్టల్ కోసం ఊరికే ఇస్తానని రాసిచ్చాడు. తండాలో ఆడపిల్లల చదువు ఏడో తరగతితో ఆగిపోతోంది. ఆ తర్వాతి బడికి రెండు ఆటోలు మారాలి. ఆయన మనవరాలు ఆ ఏడు ఏడో తరగతిలోనే ఉంది.

ఈ పనికి రెండు దశలు ఉంటాయి. మొదటిది కాగితాలు, కాలినడక, కబుర్లు. అంతకుముందు ఆ నేల మీద ఎవరున్నారు, ఏం పారబోశారు అని తెలుసుకోవాలి. అనుమానం తగిలితే రెండో దశ. స్థలాన్ని గళ్లుగా విభజించి, గడికొక చోట మట్టి తీసి పరీక్షిస్తాం. మట్టి తీయడానికి ఆగర్ వాడతాం. అది నిలువెత్తు బరమా. తిప్పుతూ దించితే లోపలి మట్టి పొరల వరసలోనే పైకి వస్తుంది. మా దగ్గర దాన్ని తిప్పేవాడు ఫీల్డ్ అసిస్టెంట్ యాకూబ్. ఖమ్మంలో వాళ్ల తండ్రిది బ్యాటరీల రిపేరు దుకాణం. దాన్ని తమ్ముడికి వదిలి ఇతను నౌకరీలో చేరాడు. నా డిగ్రీలన్నిటికంటే యాకూబ్ ముక్కు ఎక్కువ పనిచేసిన రోజులు చాలా ఉన్నాయి.

కాగితాల్లో ఒకే మచ్చ కనిపించింది. కొన్నేళ్లపాటు బొగ్గు టిప్పర్లు బాగుచేసే ఒక షెడ్డుకు ఆ స్థలం కిరాయికిచ్చారు. షెడ్డు ఎక్కడుండేదని ముందు రోజు అడిగితే లచ్చీరాం, "గా రోడ్డు మూలకుండె మేడం. ఏమున్నది, రెండు పానాలు, ఒక జాకీ," అన్నాడు.

మర్నాడు ఆగర్ తీసుకుని వెళ్లేసరికి ఆ రోడ్డు మూలలో నులక మంచం వేసి ఉంది. ఎండ మాడుస్తుంటే దాని మీద లచ్చీరాం దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. భార్య మంగ్లీ పక్కన నిలబడి విసురుతోంది.

"సలిజొరం మేడం," అంది మంగ్లీ. "పొద్దుగాల్నుంచి లేస్తలేడు. మంచం కదిలిస్తే పానం పోయేటట్టున్నది."

నేను మంచం కింద చూశాను. చుట్టూ ఎర్ర చెల్క నేల, మంచం కింద మాత్రం నల్లమట్టి. అందులో తెల్లగా నత్తగుల్లలు. చుట్టుపక్కల చెరువు లేదు. ఎండాకాలం పొలాలకు చెరువు మట్టి తోలడం ఇక్కడ మామూలే. కానీ రెండు మంచాల మేర మాత్రమే తోలుకునే రైతును నేను అంతవరకు చూడలేదు.

నా దగ్గర థర్మామీటరు ఉందని చెప్పాను. అది బోరు నీళ్లలో ముంచేదని చెప్పలేదు. దుప్పటి లోపలి నుంచే జవాబు వచ్చింది. "వద్దు మేడం. గిప్పుడే జెర తగ్గింది."

తగ్గితే లేవచ్చు కదా అన్నాను.

"లేస్తే మల్లొస్తది."

మంచం జరుపుదామా అని యాకూబ్ కళ్లతోనే అడిగాడు. వద్దన్నాను. యజమాని ఒప్పుకోకుండా ఆగర్ దించకూడదన్నది నిబంధన. అది సగం కారణం. మిగతా సగం, నాకు సరదా పుట్టింది. జ్వరం వచ్చిన మనిషికి నీళ్లు ఎక్కువ పట్టాలని మంగ్లీకి చెప్పి, చెంబెడు మజ్జిగ తెప్పించి నా చేత్తోనే ఇచ్చాను. ఇంటికొచ్చిన మనిషి చేత్తో ఇచ్చింది కాదనడం ఆ తండాలో మర్యాద కాదు. లచ్చీరాం తాగాడు. మిగతా గళ్లలో మట్టి తీసుకుంటూ అటుగా వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి పట్టించాను. ఒకసారి టీ, ఒకసారి గ్లూకోజు నీళ్లు, మళ్లీ మజ్జిగ. స్థలం నడుమ మిర్చి ఆరబోసుకునే సిమెంటు గచ్చు ఉంటే, మిర్చిని కాస్త పక్కకు జరిపించి సీసాలన్నీ దాని మీద వరసగా పేర్చుకున్నాను; ఆ గడి మట్టి గచ్చు పక్కనుంచి తీశాం. అంత శుభ్రమైన బల్ల నాకు ఏ సైటులోనూ దొరకలేదు.

మధ్యాహ్నం దాటాక దుప్పటి అటూ ఇటూ కదలడం మొదలైంది. యాకూబ్ నవ్వు ఆపుకోలేక ఆగర్ మీద వాలి దగ్గుతున్నాడు. చివరికి లచ్చీరాం దుప్పటితో సహా లేచి చెట్ల వైపు పరుగు తీశాడు. చలిజ్వరంలో అంత వేగంగా పరిగెత్తిన మనిషి గురించి వైద్యులెవరైనా రాయాలి. ఆయన తిరిగొచ్చి మంచం జీపు నీడలో ఉండడం చూశాడు. మంగ్లీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇగ కానియ్యిండ్రి," అన్నాడు.

పైన అడుగు చెరువు మట్టి. దాని కింద జిడ్డుగా, పాత ఇంజన్ ఆయిలు వాసనతో నల్లటి ముద్ద. యాకూబ్ అందులోంచి బూడిదరంగు పెచ్చు ఒకటి ఏరి వేళ్లతో నలిపాడు. "బ్యాటరీ ప్లేటు మేడం. సీసం. మా అబ్బాజాన్ చేతులు గిట్లనే ఉండేవి."

లచ్చీరాం నేల మీద కూర్చున్నాడు. "రాయకు బిడ్డా. రాస్తే హాస్టల్ పోతది."

నాకు కోపం వచ్చింది. సీసం పిల్లల మెదడును తింటుంది, పైకి కనిపించదు, ఎవరి కోసం హాస్టల్ అడుగుతున్నారో వాళ్లకే ఇది పెడుతున్నారు అన్నాను. ఆయన తలెత్తకుండా, "గీ ముచ్చట మాకెవలు చెప్పిండ్రు?" అని అడిగాడు.

పరీక్షల్లో ఆ మూల సీసం పరిమితికి చాలా మించి ఉంది. మిగతా గళ్లు శుభ్రం, బోరు నీళ్లు శుభ్రం. నేను స్థలాన్ని తోసిపుచ్చలేదు. షరతులతో ఆమోదం రాశాను. చెడిన మట్టి తవ్వి, ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటుకు పంపాలి. గుంట అడుగున మళ్లీ పరీక్షించి, ఆ తర్వాతే కట్టాలి. ఇది మా పనిలో రోజూ ఉండే మాట. సంతకం చేయకముందు చిత్తుప్రతి పట్టుకుని యాకూబ్‌తో వెళ్లి తండాలో తెలుగులో చదివి వినిపించాను. అలా చేయాలన్న నిబంధన ఏదీ లేదు. నిజం చెప్పాలంటే, గెలిచానని లచ్చీరాంకు తెలియాలనే వెళ్లాను.

ఆయన అంతా విని అడిగాడు. "ఖరాబున్నదని రాసినా హాస్టల్ పోదా?"

పోదు, తీసేస్తే చాలు అన్నాను.

"ఇంకో జాగల ఉన్నా?"

ఎన్ని చోట్ల ఉన్నా అంతే అన్నాను.

ఆయన మంగ్లీతో తమ భాషలో ఏదో మాట్లాడాడు. ఆమె తలూపింది. కర్ర తీసుకుని నన్ను వెంటబెట్టుకుని మిర్చి గచ్చు దగ్గరకు నడిచాడు. కర్రతో గచ్చు మీద రెండుసార్లు కొట్టాడు.

"గీడ గూడ తవ్వుండ్రి. షెడ్డుండె గిదే, గా మూలకు పారేసింది జెరంతనే. బ్యాటరీలు పలగ్గొట్టి తేజాబు, గా ఆసిడు, పారబోసిన గుంత గీడనే. ఆళ్లు పోయినంక పూడ్చి సిమెంటు ఏసినం."

మరి మంచం ఆ రోడ్డు మూలన ఎందుకు వేశారని అడిగాను.

"మీ సూపు గాడనే ఉండాలని ఏసినం బిడ్డా. చిన్నదైతే బతిమాలితే ఇడుస్తరనుకున్నం. చిన్నది దొరికితే పెద్దదాన్ని ఎవలు దేవులాడుతరు?"

అన్నాడు, నవ్వాడు. మంగ్లీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. యాకూబ్ అయితే దాచుకోలేదు. నేను మాత్రం సంచి తెరిచాను. గచ్చు గట్టిగా ఉంది కదా అని ఇంజనీరు హాస్టల్ తాగునీటి సంపు అక్కడే గీశాడు. ఆ ప్లాను నా సంచిలో, నేను సంతకం చేయబోయే రిపోర్టుకు జతచేసి ఉంది.

గచ్చు పగలగొట్టించాం. మంచం కింద దొరికినదానికి ఎన్నో రెట్లు సీసం దాని కింద ఉంది. నీళ్లలోకి ఇంకా దిగలేదు. అయినా బోరు మూయించి, ఎగువన కొత్తది వేయించాం. సంపు కూడా అటే మార్చారు. మరుసటి జూన్‌కు కాదు గాని, ఆపై జూన్‌కు హాస్టల్ తెరిచారు.

నేల గురించి అడిగే ముందు, నిజం చెబితే ఏం పోతుందో, ఏం పోదో అక్కడివాళ్లకు చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి నేను ఆ మాట మొదటి రోజు చెప్పలేదు. మజ్జిగ పట్టించే తీరిక మాత్రం దొరికింది. తుది రిపోర్టులో, రెండో చోటు ఎలా బయటపడిందన్న గడిలో లచ్చీరాం పేరు రాశాను. పై అధికారి దాన్ని కొట్టేసి "క్షేత్ర పరిశీలన ద్వారా" అని దిద్దాడు. నేను మళ్లీ లచ్చీరాం అనే రాసి, దాని కింద సంతకం చేశాను.