మూడు గళ్ల దేశం

మా ఇంట్లో వియత్నాం మూడు గళ్లలో ఉంటుంది. చర్చివాళ్లిచ్చే క్యాలెండర్‌లో అయిపోయిన నెల కాగితం చింపి, దాని వెనక మా ఆయన స్కేలు పెట్టి గీసిన గళ్లవి. పైన ఉత్తరం, మధ్యలో నడిమి భాగం, కింద దక్షిణం. పక్కన సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. వాన పడే చోట నీలం పెన్సిలు, తుఫాను వచ్చే చోట ఎర్ర పెన్సిలు. ఇలాంటి కాగితం గీయడం ఇది వరసగా మూడో ఏడు.

నేను బెల్లంపల్లిలో సర్కారు బడి సోషల్ టీచర్ని. ఇరవై ఆరేళ్లుగా ప్రపంచ పటం మీద బెత్తం పెట్టి సముద్రాలు చూపిస్తున్నాను. దాటింది మాత్రం ఒక్కటీ లేదు. ఇరవైమంది టీచర్లతో కలిసి విశాఖకు ట్రైనింగుకు పోయినప్పుడు ఒక సాయంత్రం సముద్రాన్ని చూశాను, అంతే. మూడేళ్ల కింద మా లెక్కల టీచరు వియత్నాం పోయివచ్చి స్టాఫ్ రూములో ఫొటోలు చూపించింది. నీళ్లలోంచి నిటారుగా లేచిన రాతి గుట్టలు, వాటి మధ్య ఒక పడవ. ఆ పడవ మీద నిలబడాలని నాకు ఎంత కోరిక పుట్టిందంటే, ఆ రోజు ఐదో పీరియడ్‌లో పాఠం ఎక్కడ ఆపానో పిల్లలే గుర్తుచేయాల్సి వచ్చింది.

పోతే దసరా సెలవుల్లోనే పోవాలి. మేము మెథడిస్టు చర్చివాళ్లం. ఆడపిల్లలంతా బతుకమ్మకు పుట్టిళ్లకు పోయే ఆ రోజులు మాకు ఉత్త సెలవులు. ఎవరూ పిలవరు, ఎవరూ రారు. సంవత్సరంలో నావి అని చెప్పుకోగలిగిన రోజులు అవే.

మా ఆయన బాయి పని చేసినవాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేసి నాలుగేళ్ల కింద రిటైరయ్యాడు. అక్కడ ఎండా తెలియదు, వానా తెలియదు. ఇన్నేళ్లకు ఆకాశం దొరికింది కాబట్టి ఈయనకు వాతావరణం పిచ్చి పట్టిందని అనుకున్నాను. పాపం అని కూడా అనుకున్నాను.

మొదటి ఏడు నడిమి భాగంలో తుఫాను అన్నాడు. అక్కడి ఇళ్లలోకి నీళ్లొచ్చిన వీడియోలు వెతికి మరీ చూపించాడు. సరే అన్నాను. రెండో ఏడు దక్షిణంలో వానలింకా వెనక్కి పోలేదన్నాడు. ఆ దేశం సన్నగా, పొడుగ్గా ఉంటుందని, ఉత్తరం తేటపడేసరికి నడిమి భాగంలో వానలు మొదలవుతాయని, మూడు చోట్లా ఒకేసారి బాగుండే రోజుల కోసం చూస్తే ఈ జన్మలో పోలేమని ఆయనకు పాఠం చెప్పాను. "గదే కదా నేను జెప్పేది" అన్నాడు, ఎంతో సంతోషంగా. ఆ సంతోషం చూసి నాకు ఒళ్లు మండింది.

ఈ ఏడు నేనే తెలివి చేశాను. కింది రెండు గళ్లు అడ్డంగా కొట్టేసి, ఉత్తరం ఒక్కటే, ఆరు రోజులు అన్నాను. అక్కడ అక్టోబరులో వానలు తగ్గి చల్లబడుతుంది. విదేశాలకు పోవడానికి పై ఆఫీసు నుంచి అనుమతి కాగితం కూడా ముందే తెచ్చిపెట్టుకున్నాను. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత పొగమంచు అన్నాడు. తర్వాత అక్కడి తిండి మనకు పడదన్నాడు. నాకు ఓపిక అయిపోయింది.

"నీకు రాబుద్ధి గాకుంటే గాదని చెప్పు. గా దేశం మీద పెట్టకు" అన్నాను.

ఆయన గళ్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులు మా ఇంట్లో అన్నానికి రమ్మన్న పిలుపు తప్ప ఇంకో మాట లేదు. ఈ ఇల్లు, ఈ బడి, ఈ రైల్వే గేటు, ఇంతేనా నా బతుకు అని వంటింట్లో నిలబడి ఏడ్చాను. నన్ను లోపల పెట్టి ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతున్న మనిషిలా కనిపించాడు నాకు.

మూడో రోజు పొద్దున ఆయనే, పద, కరీంనగర్ పోయి టికెట్ల సంగతి కనుక్కుందాం అన్నాడు. నేను నమ్మలేదు. అయినా చీర మార్చుకున్నాను.

ట్రావెల్ ఆఫీసులో ఒకామె ఓపికగా అంతా చెప్పింది. మీరు ఎంచుకున్న చోటు మంచిది, వాన భయం లేదు అంది. నేను గెలిచినట్టు ఆయన వైపు చూశాను. విమానంలో సీటు కిటికీ పక్కన కావాలా అని ఆమె అడిగితే, ఆయన వేరే మాట అడిగాడు.

"తలుపు పెట్టినంక మల్ల ఎప్పుడు తీస్తరమ్మా?"

దగ్గర దగ్గర నాలుగున్నర గంటలు పడుతుందని ఆమె చెప్పింది.

"నడుమల ఎవలన్న దిగుతమంటే?"

ఆమె మర్యాదకు నవ్వింది. నేను ఆమెకంటే గట్టిగా నవ్వాను. ఊరి మనిషి అనుకుంటుందని సిగ్గేసి నవ్వాను. అప్పుడు ఆయన చేతులు కనిపించాయి. బల్ల అంచును పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. ఏసీ గదిలో ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. బయట నిలబడతానని లేచి వెళ్లిపోయాడు. రెండు టికెట్ల వివరాలు రాసుకుని, శనివారం ఫోన్ చేస్తానంది ఆమె.

కింద చెరుకురసం బండి పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. నా వైపు చూడకుండానే చెప్పాడు. మా పెళ్లయిన కొత్తలో ఒకరోజు బాయిలో పైకప్పు కూలి, బయటికొచ్చే దారి మూసుకుపోయిందట. ఈయన, ఇంకో ఇద్దరు లోపల చిక్కుకున్నారు. నాలుగు గంటల పైన. తల మీది లైట్లు ఒక్కొక్కటిగా ఆర్పుకుని చీకట్లో కూర్చున్నారట. ముగ్గురూ బతికి బయటపడ్డారు. ఇంటికొచ్చి నాకు మాత్రం, ఇంకొకడు రాలేదు, రెండో షిఫ్టు కూడా చేయాల్సి వచ్చిందని చెప్పాడట. అది ఏ రోజో నాకు గుర్తు కూడా లేదు. ఆలస్యంగా వచ్చిన రోజులు చాలా ఉన్నాయి, అన్నిటికీ సణిగాను.

మళ్లీ తెల్లారి ఎట్లా దిగావని అడిగాను. బాయిలో అయితే దారి తెలుసు, ఎంత దూరమైనా నడిచి బయటికి రావచ్చు, గాలిలో నడుస్తామా అన్నాడు.

"మరి మూడేండ్ల సంది గా వానలన్ని ఎందుకు గీసినవు?"

"నేను ఎండ కోసం సూడలే. ఏడన్న వాన వడ్తదా అని సూసిన. వాన వడ్తే నువ్వే వద్దంటవని."

నా కోపం అక్కడికక్కడే పోయింది. కానీ తేలికపడలేదు. నేను పోలేకపోవడానికి ఈ మనిషే కారణమని ఇన్నాళ్లూ వేలు పెట్టి చూపించగలిగాను. ఇప్పుడు చూపించడానికి ఎవరూ లేరు. ఆయన మీద జాలి, నా మీద నాకు జాలి, రెండూ ఒకేసారి కలిగాయి. నువ్వు పో, నేను ఇంటి దగ్గర ఉంటా అని బస్సులో నాలుగుసార్లు అన్నాడు.

శనివారం ఆమె ఫోన్ చేసింది. ఆయన వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాడు. రెండు టికెట్లే కదా మేడం అని అడిగింది. వద్దని చెప్పడానికే ఫోన్ ఎత్తాను.

"ఒక్కటే" అన్నాను.

వాకిట్లో ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు లోపలికి వినిపించింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అంత పొడుగ్గా ఊపిరి వదలడం ఎన్నడూ వినలేదు. నన్ను ఆయన బంధించాడని ఏడ్చాను కానీ, నా కోరికలో ఆయన మూడేళ్లుగా చిక్కుకుని ఉన్నాడని అప్పుడు తెలిసింది.

ఆ రోజంతా ఆయన నోరు మూయలేదు. ఏ సంచి తీసుకుపోవాలి, బీపీ మాత్రలు ఎక్కడ పెట్టుకోవాలి, దిగగానే ఎట్లా ఫోన్ చేయాలి, అన్నీ చెప్పాడు. టీ పెట్టి ఇచ్చాడు. నేను తల ఊపుతూ కూర్చున్నాను. హైదరాబాదుకు కూడా నేను ఎన్నడూ ఒక్కదాన్నే పోలేదు. నాకు భయమవుతోందని ఒక్క మాట అంటే చాలు, ఆయన నాతో వచ్చేస్తాడు. అందుకే అనలేదు.