మేరీ పక్కనున్న పేరు

మొన్న అమెరికాలో, అరోరాలోని ఇంట్లో మా అమ్మాయి గరాజ్ సర్దుతూ ఒక చెప్పుల పెట్టె పట్టుకొచ్చి, "మమ్మీ, ఈ కార్డ్స్ ట్రాష్ చేసెయ్యనా?" అంది. మనసు చివుక్కుమంది. లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను.

ఎనభైల మొదట్లో పీహెచ్‌డీకి రాసుకున్న కార్డులవి. మిషనరీలు ఇక్కడి నేటివ్ అమెరికన్ పిల్లల్ని తెచ్చి బోర్డింగ్ స్కూళ్ళలో పెట్టి, జుట్టు కత్తిరించి, బాప్తిస్మమిచ్చి, పేర్లు మార్చిన వైనం నా పరిశోధన. గుంటూరు క్రైస్తవుల పిల్లకి ఈ గొడవ ఎందుకని మా ప్రొఫెసరుకి వింత. ఆ చలికాలమంతా ఒక చర్చి కింద రికార్డు గదిలో దుమ్ము పీలుస్తూ కూర్చున్నాను. ఆదివారం అదే చర్చికి వెళితే అందరూ నవ్వి చేతులు కలిపేవారు గానీ, భోజనానికి పిలిచే నాథుడు లేడు. రూముకొచ్చి పెరుగన్నంలో మాగాయ నంజుకుంటూ గోడతో మాట్లాడేదాన్ని. నవ్వకండి, గోడ బాగానే వినేది.

ఆ చర్చి మెట్ల మీదే ఒక నేటివ్ పెద్దావిడ పరిచయమైంది. తన రొట్టెలో సగం తుంచి, "తిన్నావా?" అంది. ఈ దేశంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. వాళ్ళ అమ్మమ్మకి ఈ చర్చివాళ్ళ బోర్డింగ్ స్కూల్లో మేరీ అని పేరు పెట్టారట. అసలు పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఆ రికార్డు గదిలోకి నన్ను రానివ్వరు. నీ దగ్గర యూనివర్సిటీ లెటర్ ఉందిగా, చూసి చెప్పు. నేను చచ్చేలోగా మా అమ్మమ్మని ఒక్కసారి ఆ పేరుతో పిలుచుకోవాలి" అంది.

ఆ స్కూలు బాప్తిస్మాల రిజిస్టరు అప్పటికే కార్డుల్లోకి ఎక్కించేశానని గొప్పగా కార్డులు తీశాను. అన్నీ కొత్త పేర్లే! గుంటూరులో మా నాన్నగారు చర్చి సంఘపెద్ద. చిన్నప్పటి నుంచీ నాచేత సంఘం పుస్తకానికి నకళ్ళు రాయించేవారు. "బాప్తిస్మంతో పాత పేరు పోయినట్టే, అది రాయకమ్మా" అనేవారు. ఆ రిజిస్టరు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసిన పాత పేర్లను నా కళ్ళు చూశాయి, చెయ్యి అలవాటుగా దాటేసింది. పరుగున లోపలికి వెళితే పుస్తకం బైండింగుకి వెళ్ళిందన్నారు. రెండు వారాలకు కొత్త అట్టతో తిరిగొచ్చింది. అంచులు నున్నగా కోసేశారు. మార్జిన్‌లోని ఒక్క పాత పేరూ మిగల్లేదు.

ఏడుస్తూ చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "మీ వాళ్ళ పేర్లూ మార్చారా?" అంది. మా తాతగారి పేరు మార్చారన్నాను. "పాతదేమిటి?" అంది. నాకు తెలియదు. మా నాన్నగారికీ తెలియదు. ఆవిడ ఆ రోజూ రొట్టె తుంచి ఇచ్చింది. మళ్ళీ రాలేదు.

మా అమ్మాయికి ఆ కార్డు చూపించాను. మేరీ, పక్కన ఖాళీ. ఆ రోజు ఆ పేరు రాయడానికి అర నిమిషం చాలేది. నలభై ఏళ్ళు గడిచిపోయాయి, ఆ అర నిమిషం మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు.