శుక్రవారం ఫ్యామిలీలకే

దోహాలో ఆ శుక్రవారం నేనూ మా ఆవిడా అబూ హమూర్ నుంచి బస్సులో సముద్రం ఒడ్డుకు బయలుదేరాం. ఇటలీ రేవుపట్నంలా కట్టిన హోటల్ ఒకటుంది, అక్కడ తిందామని. మా తెలుగు విని పక్క సీటులోని జగిత్యాల మనిషి మాట కలిపాడు. ఆ హోటల్ కట్టిన కూలీల్లో తనూ ఒకడట.

"కట్టినంక లోపలికి ఎన్నడు పోలె సార్. మా సెలవు శుక్రవారమే, ఆ రోజేమో ఫ్యామిలీలకే. పెండ్లాం ఊర్ల ఉంటే ఈడ బ్యాచిలరే. ఇద్దరు పిల్లల బ్యాచిలర్ని," అని నవ్వాడు. "గాడ్నే తింటనని బిడ్డకు చెప్పిన. చూపియ్యమని సతాయిస్తంది."

"మాతో రావయ్యా," అంది మా ఆవిడ. గుమ్మం దగ్గర కాపలాదారు ఆపితే, తన మరిదని హిందీలో చెప్పింది. వదిలాడు.

అతను కూతురికి వీడియో కాల్ చేశాడు. గోడమీది పడవలు, చేపల పళ్ళెం, చివరికి మమ్మల్నీ చూపించాడు.

"నాయినా, మేం గూడ వస్తం. నీతోనే ఉంటం," అంది పిల్ల.

ఫోన్ పెట్టేశాక అతను పళ్ళెం ముట్టలేదు.

"తినవేం?" అంది మా ఆవిడ.

"ఇన్నొద్దులు ఉత్త మాటనే వదినా. ఇప్పుడు కండ్లార చూసింది. లేబర్ క్యాంపుల మంచం మీద మంచమేస్కొని పండుకుంటమని ఇంక ఎట్ల చెప్పాలె?"