పానా తిరిగే చోటు

సోమవారం పొద్దున్నే మా షెడ్డు వెల్డరు ఫోన్ చేశాడు. "మన డ్రాయింగ్ సారు పోయినాడక్కా. నిద్దర్లోనే." కంప్యూటరు ముందు కూలబడి కాసేపు ఏడ్చాను.

బళ్లారి శివార్లలో గనులకు కావలసిన ఇనుప సామాను తయారుచేసే షెడ్డు మాది. నేను కంప్యూటరు డిజైను నేర్చుకుని చేరేనాటికి ఆయన అక్కడ ముప్పై ఏళ్లుగా బల్లమీద గీస్తున్నారు. నేనొచ్చింది ఆయన కడుపు కొట్టడానికేనని షెడ్డంతా అనుకుంది. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. ఆయన మాత్రం కిటికీ పక్క చోటు నాకిచ్చి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. కొలత ఒకటి మారితే ట్రేసింగ్ కాగితం మీది సిరాను బ్లేడుతో గీకి మళ్లీ గీసిన మనిషి. నాకది రెండు క్లిక్కుల్లో అయిపోతే మురిసిపోయారు. "నేను తలకాయలో తిప్పుకుంటాంటిని, ఇది కండ్ల ముందరే తిప్పతాండాదే! మిగిలిన పొద్దు షెడ్డులోకి పోయి పనోళ్లు చేసేది చూడు తల్లీ."

నేను పోలేదు. పొగరు.

ఆయన చోరనూరులో పెళ్లికి వెళ్లిన రోజు, ఖనిజం జారే చూట్ డ్రాయింగు ఆయనకు చూపకుండానే పంపేశాను. తెరమీద అన్నీ చక్కగా కుదిరాయి. ఆయన తిరిగొచ్చాక, రేకులు కోసి అతికి చూస్తే, బోల్టు పక్కనే బలానికి పెట్టిన పట్టీ అడ్డం. పానా తిరగదు. ఓనరు కేకలకు నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"నేను చూసే పంపినానప్పా. తప్పు నాది" అన్నారు సారు.

సాయంత్రం ఆ మూలను నేలమీద సుద్దతో అసలు సైజులో గీసి, పానా నా చేతికిచ్చారు. "బోల్టు గీస్తే అయిపాయనా? తిప్పేవాడు చెయ్యి యాడ పెట్టల్ల?" ఇప్పుడు ప్రతి బోల్టు చుట్టూ పానా తిరిగేంత సున్నా చుట్టి చూసుకున్నాకే డ్రాయింగు పంపుతాను. నేను తింటున్న అన్నం ఆయన ఆడిన ఆ అబద్ధం పెట్టినదే.

అంత్యక్రియల దగ్గర ఆగలేక ఓనరుతో చెప్పేశాను. "ఆ చూట్ డ్రాయింగు సారు చూడనేలేదండీ. చూపకుండా పంపింది నేనే."

"తెలుసు లేమ్మా. ఆ పొద్దు సారుకు పెండ్లికి పోను రజా ఇచ్చింది నేనే గదా. అంత పెద్దమనిషి నీకోసం అబద్ధం చెప్తాంటే, కాదని ఎట్ల అనేది?"

ఓనరు చెప్పులు విడిచి, పాడెకు భుజం పట్టడానికి ముందుకు నడిచారు.