అహ్లోన్‌లో ఆఖరి పట్టా

రైలు పట్టాలు కనిపిస్తే కాళ్లు ఆగిపోయే జబ్బు నాది. విశాఖలో మా ఆవిడ కూరగాయలకు పంపితే గూడ్స్ షెడ్డు దగ్గర తేలిన రోజులున్నాయి. అలాంటి నాకు బర్మాలోని యాంగోన్, అంటే మన పాత రంగూన్ నుంచి స్నేహితుడు అప్పన్న ఫోన్ చేసి, అక్కడి అహ్లోన్ పేటలో మూతపడ్డ బియ్యం మిల్లు ట్రాలీ లైనును కొందరం కలిసి ఆదివారాల్లో బాగుచేస్తున్నామని చెప్పాడు. మిల్లు నుంచి రేవుదాకా ఆ లైను మీద బస్తాలు తోసినవాళ్లలో చాలామంది మన శ్రీకాకుళం కూలీలే. ఇంకొక్క పట్టా బిగిస్తే పని పూర్తవుతుంది. వానలు మొదలయ్యేలోగా ట్రాలీ రేవు చేరకపోతే ఇనుమంతా తుక్కుకు అమ్మేస్తానని మిల్లు యజమాని తేల్చేశాడట. ఆయన చూడటానికి వచ్చే ఆదివారానికి నేనూ అక్కడ ఉండాలనుకున్నాను. సైనిక తిరుగుబాటు, కర్ఫ్యూ నడుస్తున్న దేశానికి ఇప్పుడెందుకని మా ఆవిడ అడిగింది. అప్పటికే కొన్న టికెట్ చూపించాను.

కలకత్తా నుంచి విమానం సగం ఖాళీగా వెళ్లింది. మింగళాడోన్ విమానాశ్రయం నుంచి అప్పన్న ఉండే లమ్మడా పేటకు టాక్సీలో గంట పైనే పట్టింది. దారిలో రెండుచోట్ల ఆపి సంచులు వెతికారు. పెట్రోలు కొరత వల్ల టాక్సీ రేటు రోజుకోలా ఉంటోంది కనుక ఎక్కేముందే మాట్లాడుకోవాలి. చీకటి పడ్డాక బయట తిరగొద్దని డ్రైవరు వచ్చీరాని హిందీలో మూడుసార్లు చెప్పాడు. లమ్మడాలో అప్పన్నకు కిరాణా కొట్టుంది. వీధిలో అందరికీ ఆయన కో అప్పన్న. కో అంటే మన అన్న లాంటిదే.

ఆదివారం పొద్దున్నే బస్సులో అహ్లోన్ చేరుకున్నాం. టికెట్ ధర టీ ధర కంటే తక్కువ. మిల్లు ఆవరణలో తెలుగువాళ్లు, బర్మావాళ్లు కలిపి పదిమంది దాకా ఉన్నారు. వంట బాధ్యత డో నీలమ్మది. డో అనేది పెద్దావిడలకు ఇచ్చే గౌరవం. ఆమె తండ్రి ఈ లైను మీదే ట్రాలీ తోశాడు. ఇక్కడివాళ్లు పులిహోరలో ఎండు రొయ్యలు వేస్తారని విని నేను గుండె దిటవు చేసుకుని వెళ్లాను. తీరా ఆ రోజు రొయ్యలు లేవు. అప్పన్న గొణిగితే ఆవిడ, “ఈయేల ఇంతే. తినీసి పనికెల్లండి,” అంది.

పని దగ్గర అసలు చిక్కు తెలిసింది. పట్టా ఎత్తాలంటే అందరూ ఒక్కసారే బలం పెట్టాలి, అందుకు కేక కావాలి. కిందటి వారం ఆ కేకలు విని, ఊరేగింపేదో బయలుదేరిందనుకుని సైనికుల లారీ గేటు దగ్గర ఆగిందట. ఇనుము మీద కొట్టి లెక్క పెడదామన్నా కుదరదు. జనం నిరసనగా గిన్నెలు మోగించిన ఊరది. వార్డు ఆఫీసులో పనికి అనుమతి ఉంది కానీ అరుపులకు లేదు. అందుకని కళ్లతో సైగలు చేసుకుని ఎత్తాం. ఒక కొస లేచింది, రెండోది లేవలేదు. పట్టా జారి అప్పన్న పాదం పక్కనే పడింది. యజమాని ఊ సాన్ (ఊ అంటే మన గారు లాంటిదే) గొడుగు కింద నిలబడి గడియారం చూసుకున్నాడు.

అప్పుడు నీలమ్మ పళ్లెం పట్టుకొచ్చింది. పట్టాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. “అమ్మోరి పాట పాడతాను. ఊపు కాడ లెగదియ్యండి. పూజ సేసుకుంటే ఎవులేటంతారు?” అంది. పూజకు నీచు పనికిరాదనే పొద్దున రొయ్యలు వెయ్యలేదని నాకు అప్పుడు వెలిగింది. ఆవిడ గొంతెత్తింది. అందరం వంత పాడుతూ చరణం చివర బలం పెట్టాం. గేటు బయట సైనికుల లారీ నెమ్మదించింది. ఆవిడ పాట మాత్రం ఆగలేదు. పళ్లెం, పసుపు చూసి కాబోలు లారీ వెళ్లిపోయింది. పట్టా తన చోట్లో కూర్చుంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

ట్రాలీ మీద నీలమ్మను కూర్చోబెట్టి తోశాం. కిర్రుమంటూ రేవు చేరింది. ఊ సాన్ గొడుగు మూసి, పట్టాలు ఉంటాయని ఒక్క మాట అన్నాడు. బర్మావాళ్లు, తెలుగువాళ్లు ఒకరినొకరు కావలించుకున్నారు. నీలమ్మ మాత్రం దిగలేదు. “ఎనక్కి కూడా తొయ్యండి బాబూ. బస్తాలు దించీసాక మా అయ్య కాళీ బండే తోసుకొచ్చీవోడు. చిన్నప్పుడు ఎక్కుతానంతే మేస్త్రీ ఎక్కనిచ్చీవోడు కాదు,” అంది.

నోరు విప్పడానికే జనం భయపడే రోజుల్లో అంతమంది గొంతు కలిపి పాడటం విన్నాను. చూసిన ఊళ్ల లెక్క నాకు గుర్తుండదు కానీ ఆ తిరుగు ట్రాలీ గుర్తుంటుంది. మీరు వెళితే ఆదివారం పొద్దున్నే వెళ్లండి, చీకటి పడకముందే బసకు చేరండి. పాత బట్టలతో పాటు వంత పాడటానికి ఒక అమ్మవారి పాట కూడా నేర్చుకుని వెళ్లండి. ఆవిడ తప్పకుండా పాడిస్తుంది.