ద్వాదశి నాటి ఖాళీ గడి

నూకరాజుది నాగాయలంక. ఏడో తరగతి దాకా చదివి వలలు పట్టాడు, తర్వాత రొయ్యల చెరువుల మీద కాపలాకు కుదిరాడు. బందరులో జువాలజీ చెప్పుకునే నేను 2007 ఉగాదికి అతన్ని నా పీహెచ్‌డీ పనిలో పెట్టుకున్నాను. విశ్వవిద్యాలయం వాళ్లు నా పరిశోధనకు చేసిన సాయమల్లా నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు ఒకటి, రోజుకూలీ మీద ఒక మనిషి. మీటరు రెండుసార్లు మొరాయించింది. మనిషి మొరాయించలేదు.

రోజూ చెరువుగట్టు దగ్గర నీళ్లలో ఉప్పు కొలిచి నోటుబుక్కులో రాయడం అతని పని. తారీకులు వేయమంటే ఒప్పుకోలేదు. "పోటు తిథిని బట్టి వస్తదండీ, తారీకును బట్టి రాదు," అన్నాడు. సరే, ఉగాది నుంచి ఉగాది దాకా తిథులే రాయమన్నాను, తారీకులు తర్వాత నేనే వేసుకుంటానని. గుండ్రటి అక్షరాలతో తిథికొక గడి గీసి రాసేవాడు.

థీసిస్ ఇవ్వడానికి నెల గడువుందనగా ఆ నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. ఏడాదికి పదమూడు నెలలు తేలాయి. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ పదమూడే. జ్యేష్ఠం రెండుసార్లు ఉంది. మొదటి జ్యేష్ఠంలో బహుళ అష్టమికి ఉప్పు ముప్ఫై ఎనిమిది, రెండోదాంట్లో బహుళ అష్టమికి ఇరవై రెండు. ఏది నిజం?

మా గైడు నరసింహారావు గారు ఒక్క చూపు చూసి తేల్చేశారు. "కూర్చున్నచోట ఊహించి రాశాడమ్మా. రెండో జ్యేష్ఠంలో బహుళ ద్వాదశి గడి ఖాళీ, చూశావా? కల్పిస్తూ ఒకటి మర్చిపోయాడు. ఆ నెల కొట్టెయ్, లేకపోతే పరీక్షకులు థీసిస్ మొత్తం తిప్పిపంపుతారు."

నాలుగేళ్ల చదువు నీళ్లపాలయ్యేలా ఉందని ఒళ్లు మండిపోయింది. ఎర్రసిరాతో నెలంతా కొట్టేసి, నూకరాజును బందరు పిలిపించాను.

"జ్యేష్ఠం రెండుసార్లు ఎందుకు రాశావు?"

"రెండుసార్లు వచ్చింది కదండీ."

"ఎక్కడన్నా నెల రెండుసార్లు వస్తుందా? ఎవరికి చెప్తున్నావు?"

అతను అయోమయంగా నా ముఖంలోకి చూశాడు. ఇంత చదివిన మనిషి ఇదేం అడుగుతోందని కాబోలు. కొట్టేసిన పేజీలు ఒకసారి తిరగేశాడు. మీటరు బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పూట ఇంట్లో అన్నానికి కూర్చున్నాను. విషయం చెబితే మా అమ్మ కామేశ్వరమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"పోయినేడు అధిక జ్యేష్ఠం వచ్చింది కదే. అధికంలో పెట్టకూడదని ఆగి, మీ తాతయ్య ఆబ్దికం రెండో జ్యేష్ఠంలో పెట్టించాం. నువ్వూ గారెలు తినే కాలేజీకి వెళ్లావు."

సిగ్గుతో చచ్చిపోయాను. గారెలు గుర్తున్నాయి, నెల గుర్తులేదు. అంతా సరిగ్గా సరిపోయింది: మొదటిది ఎండల్లో, రెండోది వానలు పడ్డాక, అందుకే ఉప్పు తగ్గింది. కానీ ఆ ఖాళీ గడి మాత్రం అర్థం కాలేదు. గైడుగారి మాట ఇంకా బుర్రలో తొలుస్తూనే ఉంది.

మర్నాడే అవనిగడ్డ మీదుగా నాగాయలంక బస్సెక్కాను. నూకరాజు చెరువుగట్టు మీద మేత బస్తాలు సర్దుతున్నాడు.

"నూకరాజు గారూ, తప్పు నాదండీ. మీరు రాసిందే సరి," అన్నాను.

"మీకు తెలుసనుకున్నానండీ. అందరికీ తెలిసిందే కదా," అన్నాడు, నెమ్మదిగానే.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను. "మరి ఆ ద్వాదశి ఒక్కటీ ఎందుకు వదిలేశారు?"

బస్తా కింద పెట్టాడు. "ఆ రోజు మా ఆవిడ పోయిందండీ. గట్టు మీదికి రాలేకపోయాను. కొలవంది ఎట్టా రాస్తాను?"

సంచిలోంచి నోటుబుక్కు తీసి చూశాను. త్రయోదశి గడిలో ఇరవై అని ఉంది. ఆ మర్నాడు వచ్చి కొలిచాడన్నమాట. దాన్ని కూడా నేను ఎర్రసిరాతో కొట్టేశాను.

గడువుకు రెండు రోజుల ముందు పట్టికలన్నీ మళ్లీ టైపు చేయించి తీసుకెళ్లాను. నరసింహారావు గారు అధికమాసం సంగతి విని తలూపారు గానీ, ఖాళీ గడి దగ్గర ఆగారు. "ముందురోజుదీ తర్వాతిరోజుదీ కలిపి సగటు వేసెయ్యమ్మా, ఎవరడుగుతారు?"

"కొలవలేదండీ," అన్నాను, గడి అలాగే ఉంచేశాను.