వెనక వేలు లేని అడుగు

"అది నెమలిదప్పా. ఎనక ఏలు చూడు, పుల్లతో గీసినట్టు పడింది. నాకు కావాల్సిన దానికి ఎనక ఏలే ఉండదు. ముందర మూడే. నేల మీద నడిచే పిట్ట, కొమ్మ పట్టుకునే పని లేదు. ఇంకో ఏలు ఏం చేసుకుంటాది?"

మాబూబీ నీళ్ల తొట్టి పక్కన గొంతుక్కూర్చుని చెబుతోంది. తొట్టి చుట్టూ రెండు బారల మేర జల్లించిన మెత్తటి మట్టి పోసి ఉంది. రాత్రి దాహానికి వచ్చిన ప్రతి ప్రాణీ అందులో తన అడుగు వదిలి పోతుంది. పొద్దున్నే ఆ అడుగులు చూసి, తొట్టి నింపి, పొరకతో మట్టిని మళ్లీ చదును చేయడం ఆమె పని. పదేళ్లుగా అదే పని.

సంజామల పోయే దారిలో, శనగ చేల నడుమ కంచె వేసి వదిలిన చిన్న గడ్డి బీడు అది. బట్టమేక పిట్టల కోసం వదిలారు. నిలబడితే మేకపిల్లంత ఎత్తుండే పిట్ట. ఒకప్పుడు ఈ చేలల్లో జతలుగా తిరిగేవట. బీడులో ఐదు తొట్లున్నాయి. నీళ్ల క్యాన్లున్న తోపుడు బండితో ఒక చుట్టు తిరగడానికి ఆమెకు గంటన్నర పడుతుంది. ఆమె వెంట నడవాలని ఆళ్లగడ్డలో మొదటి బస్సు పట్టుకుని వచ్చాను.

రెండో తొట్టి దగ్గర అడవి పందులు పొర్లి మట్టినంతా కుళ్లబొడిచాయి. మూడో దాని దగ్గర కుందేలు, నక్క, ఊరకుక్క. కంచె అవతల సైకిలు ఆపి, కాపలా చూసే అజయ్ కుమార్ పలకరించాడు.

"ఏం మాబూబీ, నీ చుట్టం వచ్చిపోయినాడా రాత్రి?"

"వచ్చినాడు. నాలుగు కాళ్ల మీద వచ్చినాడు. నీ పేరే చెప్పినాడు."

అతను నవ్వాడు. తర్వాత వేరే గొంతుతో అన్నాడు: "పోయేటప్పుడు బండి గేటు కాడ పెట్టి పో. రేపటి నుంచి నువ్వూ లేవు, నేనూ లేను."

"తెలుసులే."

నాకూ తెలుసు. మూడేళ్లుగా పిట్ట జాడ ఒక్కటీ నమోదు కాలేదు గనక ఇక నీళ్లూ కాపలా ఎందుకని పైవాళ్లు తేల్చారు. కంచె తీసేస్తారు. ఆ తర్వాత ఈ నేల ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈలోగా ఒక్క అడుగు ఫొటో చూపించినా కంచె తీయడం ఆపిద్దామని అటవీ శాఖ సారు అన్నాడట. ఈరోజుతో ఆ గడువు ముగిసింది.

నాలుగో తొట్టి దగ్గర ఆమె బండి ఆపి, పొరకతో మట్టి వైపు చూపించింది.

"ఈడనే. రెండేళ్లయింది. మంచు కురుస్తాండ్య. చూస్తే ముందర మూడు ఏలే, ఎనక ఏలు లేని అడుగు. ఒకటి గాదు, పదకొండు. వచ్చింది, తాగింది, అట్ల పోయింది. నీళ్లు పోసినా. మళ్లీ చూసినా. మళ్ల ఊడ్చేసినా."

"ఊడ్చేశారా? ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఏం చెప్పేది? నీళ్లు పోస్తా, ఊడుస్తా. దినామూ అదే. మనసు పిట్ట ఎనక పోయింది, చెయ్యి దాని పని అది చేసింది. సగం ఊడ్చినాక తెలిసింది. మిగిలిన సగం మీద నా కాళ్లే ఉండాయి."

ఆరోజు మధ్యాహ్నం సారు వచ్చి చదునైన మట్టిని చూశాడట. నెమలి అయి ఉంటుందిలే అని వెళ్లిపోయాడట.

"తిట్టింటే బాగుండు నాయనా. నమ్మినాడని తెలిసేది."

ఆమె కాళ్ల ముందు రాత్రి పడిన నెమలి అడుగు ఒకటి తాజాగా ఉంది. దాని వంకే చూస్తూ, "ఆ వెనక వేలు ఒక్కటి చెరిపేస్తే..." అన్నాను. అన్నాక సిగ్గేసింది.

ఆమెకు కోపం రాలేదు. "మా పిల్లోడు ఇమ్రాన్ కూడా అదే అన్నాడు. ఫోన్ తీసి, నువ్వు తుడుపు, నేను ఫొటో పడతా అన్నాడు. ఉన్న అడుగును ఒకసారి తుడిపేసినా. ఇప్పుడు లేని అడుగు పెట్టాల్నా?"

నెమలి అడుగును పొరకతో ఊడ్చేసింది.

ఐదో తొట్టి గేటుకు దూరంగా, బీడు చివర ఉంది. మట్టి మీద నిన్న ఊడ్చిన గీతలు తప్ప ఏమీ లేవు. చీమ కూడా నడవలేదు. ఉన్న నీళ్లన్నీ పోసింది. క్యాను తలకిందులు చేసి చివరి చుక్కలు కూడా రాల్చింది. తొట్టి అంచు నుంచి వెనక్కి వెనక్కి జరుగుతూ, తన కాలి గుర్తు కూడా మిగలకుండా ఊడ్చింది. నేను అవతలి పక్కన నిలబడి చూస్తున్నాను. ఎండెక్కుతోంది. ఆకాశంలో గద్ద ఒక్కటీ లేదు.

ఆమె నడుము పట్టుకుని లేచి, రోడ్డు వైపు చూసింది.

"నీ బస్సుకు టైమయింది, బేగా పో. అట్ల గాదప్పా, ఆడ మట్టిలో కాలు పెట్టొద్దు. కంచె పక్కన చుట్టూ తిరిగి పో."